వడ్రంగి కొడుకు వేసుకున్న గడియ

గదిలోనే తలుపేసుకుని ఉండిపోయిన దర్జీ కూతురు బయటికి వచ్చి, ఇంటిల్లిపాదితో కూర్చుని అన్నం తినడమే మన మనసు డాక్టరమ్మ సాధించిన మొదటి విజయం. అందుకోసం ఆవిడ ముందుగా పిల్లను కాదు, ఆ ఇంట్లో మాట చెల్లే నాయనమ్మను మంచి చేసుకుంది. ఆ తర్వాత బడులవాళ్లు పిలిచి మరీ టీచర్లకు పాఠం చెప్పించుకున్నారు. అంతటి మనిషి!

వడ్రంగి కొడుక్కీ ఆవిడే దారి చూపింది. పరీక్ష పేరెత్తితే వాడికి గుండెదడ, వాంతులు. ఎదురుగా కూర్చోబెడితే నోరు పెగలదు. అందుకని తండ్రీకొడుకుల్ని పక్కపక్కనే నిలబెట్టి, ఒకే బల్లకు గరుకు కాగితం పట్టించింది. చేతులు ఆడేకొద్దీ మాటలూ వచ్చాయి.

ఇంతలో, జూన్ మొదట్లో, తన తల్లికి ఆపరేషనని డాక్టరమ్మ ఊరెళ్లింది. వడ్రంగి వారమైనా ఆగలేక, ధైర్యం చెబుతారని తమ్ముణ్నీ బావమరిదినీ పిలిచాడు.

"మగపిల్లాడివి, భయమేంట్రా? నీ వయసులో నేను పులిని!" అన్నాడు మేనమామ.

"ఇంట్లో మాత్రం పిల్లివి కదా బావా!" అన్నాడు బాబాయి.

అందరూ పగలబడి నవ్వారు. తనను చూసే నవ్వారనుకుని కుర్రాడు గదిలోకెళ్లి గడియ పెట్టుకున్నాడు.

పొద్దుటి నుంచి మెతుకు ముట్టలేదు. వడ్రంగి గడియ ఊడగొట్టబోతే భార్య చెయ్యి పట్టుకుంది.

"వద్దయ్యా! బలవంతం చేస్తే వాడింక మనకు దక్కడు."

డాక్టరమ్మ పనిచేసే ఆసుపత్రికి ఫోన్ చేసి, నర్సు చెప్పింది విని, తలుపుకు చెంప ఆనించింది.

"నాన్నా, మంచినీళ్లయినా తాగరా. డాక్టరమ్మ వస్తుందిరా... జులై పదిహేడున."