లోపలి కుట్టు

టైలరక్క చొక్కా కుట్టిందంటే ముందు తిరగేసి చూడాల్సిందే. లోపలి కుట్టు ఒక్క చోట అటూ ఇటూ అయినా మొత్తం విప్పేసేది. "లోపల ఎవరు చూస్తారక్కా?" అని దుకాణంలో గుండీలు కుట్టే తమ్ముడు ఆటపట్టించేవాడు. "నేను చూస్తానురా" అనేది, అంతే. ఆలస్యమైందని ఆమెను తిట్టుకోనివాళ్ళు లేరు, పోనీ వేరే దుకాణానికి వెళ్ళారా అంటే అదీ లేదు.

అలాంటి మనిషికి తన లోపల ఏముందో తెలియలేదు. కడుపులో కుడిపక్క నొప్పి అదే పనిగా వేధిస్తుంటే స్కానింగ్ తీశారు. పిత్తాశయం గోడ మందమెక్కిందనీ, అది హానిలేని మందమేననీ, నొప్పి పోవాలంటే తీసేస్తే సరిపోతుందనీ చెప్పారు. తీసేశారు. పీడ విరగడైందనుకుంది. తీరా చూస్తే ల్యాబు వాళ్ళు పిలిచి, ఆ మందం మడతల్లో కణాలు దారి తప్పి చిన్న చిన్న గడ్డలు కడుతున్నాయన్నారు. ఇంకా క్యాన్సర్ కాలేదు, వదిలేస్తే అయ్యేది. కోసిన అంచు దాకా అవి పాకి ఉంటే మాత్రం మళ్ళీ పెద్ద ఆపరేషన్ తప్పదట.

అంచు ముక్కల్ని పరీక్షించే రోజున తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళి, ల్యాబు డాక్టరమ్మ గది ముందు నిలబడింది.

"నన్నూ ఒకసారి చూడనివ్వండమ్మా. నా సరుకే కదా."

డాక్టరమ్మ నవ్వి, ఇద్దరు కలిసి చూడగల మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది.

అక్క కన్ను ఆనించి చూసింది. గులాబీ రంగు మీద నీలం చుక్కలు, బారులు తీరి, ఒకదాని పక్కన ఒకటి. తన చేతికి ఈ జన్మలో రాని పొందిక అది.

"ఇదంతా నాలోదేనా?"

"మీలోదే. ఇదిగో, ఈ మడతలో చూడండి."

అక్కడ చుక్కలు లావెక్కి, ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి. చిక్కుపడిన చోటు ఏదో అక్కకు వేరే చెప్పనక్కర్లేదు.

"ఇప్పుడు అంచు" అంటూ డాక్టరమ్మ గాజుపలక మార్చింది. అక్క మళ్ళీ వంగి చూసింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా నీలం వరస ఎక్కడా తప్పలేదు. అయినా డాక్టరమ్మ నోట వినాలి కదా.

"శుభ్రంగా ఉంది. ఇక కోసేదేమీ లేదు."

అక్క కళ్ళు అక్కడి నుంచి తీయలేదు. తను నిద్రపోయినా, ఎవరినో తిట్టుకుంటూ కూర్చున్నా, ఇన్నేళ్ళూ లోపల ఇంత పని చడీచప్పుడూ లేకుండా సాగిందా అని ఒళ్ళు జలదరించింది. దండం పెట్టాలనిపించింది, ఎవరికో మాత్రం తెలియలేదు.

బయట బెంచీ మీద తమ్ముడు ముఖం చేతుల్లో దాచుకుని కూర్చున్నాడు.

"ఒరేయ్, లోపల ఎంత బాగుందో తెలుసా."

"అది సరే అక్కా. ఉంటావా?"

"ఉంటాను."

వాడు లేచి నిలబడ్డాడు. కంగారులో చొక్కా తిరగేసి తొడుక్కుని వచ్చాడు. పొద్దుటి నుంచి పక్కనే ఉన్నా అక్క చూడనే లేదు. అది తను కుట్టిన చొక్కాయే. భుజం మీది కుట్టు వెంట వేలితో నిమురుతూ, అప్పుడు ఏడ్చింది.