తొమ్మిది ఓక్ మొక్కల తగాదా

“ఇవి ఓక్ మొక్కలు కావు నరసమ్మా. నేనిచ్చిన గింజలు కుళ్ళిపోయింటాయి. ఆ మాట చెప్పేదానికి భయపడి ఏవో పిచ్చి మొక్కలు తెచ్చి పెట్టినావు.”

“నాకెందుకు సార్ భయం? గింజ పోతే పోయిందని ముప్పై ఏళ్ళుగా చెప్తానే ఉండా. ఇవి మీరిచ్చిన గింజలే. నేనే ఇత్తినా, నేనే నీళ్ళు పోసినా.”

“ఈ పుస్తకంలో బొమ్మ చూడు. ఆకు గరిటె మాదిరి ఉండాది, అంచు నున్నగా ఉండాది. నీ మొక్కల ఆకేంది, ఎలుక కొరికినట్ల?”

“ఎలుక కొరికిందో దేవుడు కొరికినాడో నాకేం తెలుసు. మొలిచింది మాత్రం మీ గింజే.”

“రేపు ఈ కవర్లన్నీ ఖాళీ చేయించు. మట్టన్నా పనికొస్తుంది.”

“చేయించను.”

కరోనా పోయి కాలేజీలు సరిగ్గా తెరుచుకున్న మరుసటి ఏడు, ఉగాదికి వారం ముందు జరిగిన సంగతి ఇది. అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీ తోటకు నేను అప్పుడు మేస్త్రీని. తోటలో రెండే హోదాలు ఉండేవి. నీళ్ళు పోసి కలుపు తీసేవాళ్ళు కూలీలు. ఏ గింజ ఎప్పుడు విత్తాలి, ఏ మొక్కకు నీడ కావాలి, దేన్ని ఎప్పుడు ఎండలోకి మార్చాలి అని చూసేది మేస్త్రీ. నేను కూలీగా చేరి పన్నెండేళ్ళకు మేస్త్రీనయ్యాను. నాలుగో తరగతితో బడి మానేసినా, విత్తిన రోజు, గింజ పేరు నా చేత్తోనే రిజిస్టరులో రాసేదాన్ని. అక్షరాలు వంకర పోయేవి, మాట మాత్రం వంకర పోలేదు.

మధుసూదన్ సారు వృక్షశాస్త్రం లెక్చరరు. ధర్మవరంలో మగ్గాలున్న ఇంటి పిల్లాడు. వయసులో నా చిన్న కొడుకు కంటే రెండేళ్ళు తక్కువ, అయినా నన్ను నువ్వనే పిలిచేవాడు. క్లాసులో పుస్తకం భాష మాట్లాడేవాడు, కోపం వస్తే ధర్మవరం మాట బయటపడేది.

ఆయన పీహెచ్‌డీ ఒక ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త మీద. ఆ పెద్దమనిషి రెండు వందల ఏళ్ళ కిందట ఓడెక్కి అమెరికాకు పోయి, అక్కడి అడవుల్లో ఓక్ చెట్లన్నీ తిరిగి చూసి పుస్తకం రాశాడట. వాన పడితే పేపర్లో వేసే జిల్లాలో కూర్చుని అమెరికా ఓక్ చెట్ల మీద పరిశోధన. “మన చీనీ తోటలు ఎండిపోతాండాయి కదా సార్, వాటి మీద చెయ్యరాదా?” అని బత్తాయి తోటల గురించి ఒకసారి అడిగాను. అది అగ్రికల్చర్ వాళ్ళ సబ్జెక్టు అన్నాడు. చెట్టు ఎండిపోయేటప్పుడు సబ్జెక్టు చూసుకుని ఎండుతుందని నాకు అంతవరకు తెలియదు.

పిల్లలను తోటలోకి తీసుకొచ్చి ఆ శాస్త్రవేత్త గురించి చెప్పేవాడు. నేను పక్కన కలుపు తీస్తూ వినేదాన్ని. ఓక్ చెట్టును ఆకు చూసి పోల్చుకోబోతే మోసపోతామట. అదే చెట్టు చిన్నప్పుడు ఒక తీరు ఆకు వేసి, పెద్దయ్యాక ఇంకో తీరు వేస్తుందట. అందుకని ఆయన గింజలు ఏరి, అక్కడే ఒక తోట పెట్టి, విత్తి, మొలక నాటి నుంచి చూశాడట. కాయ పండడానికి ఏ చెట్టుకు ఒక ఏడు పడుతుంది, దేనికి రెండేళ్ళు పడుతుంది అని కూడా కనిపెట్టాడట. మొలకకూ మానుకూ ఆకు తేడా ఉంటుందని తెలుసుకోవడానికి సముద్రం దాటాలా అని నవ్వుకున్నాను. కానీ ఆ మనిషిని మాత్రం తక్కువ చేయబుద్ధి కాలేదు. తెలియనప్పుడు విత్తి చూశాడు.

ఆ తగాదాకు ముందటి దీపావళి అయిన తర్వాత సారు ఏదో సభకని తమిళనాడులోని ఒక కొండ ఊరికి వెళ్ళాడు. అక్కడ తెల్లవాళ్ళ కాలం నాటి తోటలో అమెరికా ఓక్ చెట్టు ఒకటి ఉందట. దాని కింద ఏరుకున్న గింజలు మైసూరుపాకు డబ్బాలో తెచ్చాడు. రేగుపండంత గింజ, తల మీద గిన్నె బోర్లించినట్టు టోపీ. వాటిని నీళ్ళలో వేశాను. తేలినవి తాలు, మునిగినవి మంచివి. సగానికి సగం తేలాయి. మిగిలినవాటికి చలికాలం కావాలని సారు పుస్తకంలో చదివాడు. అనంతపురంలో చలికాలం యాడ తెచ్చేది? తడి ఇసుకలో కలిపి ల్యాబు ఫ్రిజ్‌లో పెట్టించాడు. రెండు నెలలు ఆ ఫ్రిజ్ ఒక డబ్బా ఇసుక కోసం నడిచింది. మా ఇంట్లో పెరుగుకు కూడా ఫ్రిజ్ లేదు.

సంక్రాంతి దాటాక ఎర్రమట్టి, ఇసుక, మాగిన పేడ కలిపి ముప్పై నల్ల కవర్లు నింపాను. కవర్లు పాతవే, కడిగి వాడాను. కవరుకొక గింజ, వేలి కణుపు లోతున, అడ్డంగా పండబెట్టి విత్తాను. ఎండ తగలకుండా వల కప్పిన షేడ్ నెట్ గదిలో పెట్టి పూటకొకసారి తడిపాను. మొలిచినవి తొమ్మిది. అన్నిటికీ ఆకుల అంచుల్లో కోతలే.

విత్తిన తర్వాత నెలన్నరలో సారు రెండుసార్లు వచ్చాడు. ఒకసారి ఫోటోకు. రెండోసారి, పైన చెప్పిన తగాదాకు.

నేను ఖాళీ చేయించనన్న గంటలోపే ఆయన ప్రిన్సిపాల్ మేడంకు కాగితం రాసి ఇచ్చాడు. నిర్లక్ష్యం వల్ల పరిశోధన విత్తనాలు పాడయ్యాయని, ఆ సంగతి దాచడానికి తోట మేస్త్రీ వేరే మొక్కలు పెట్టిందని, ఆమెను తీసేసి పని తెలిసినవాళ్ళను పెట్టాలని. నాది పర్మినెంటు ఉద్యోగం కాదు. ఏడాదికొకసారి ప్రిన్సిపాల్ సంతకం పెడితే సాగేది. ఆ ఏటి సంతకం ఉగాది తర్వాత పడాలి. తీసేస్తే తీసేశారు, చేనికి కూలికి పోయేదాన్ని. గింజలు మార్చి అబద్ధం చెప్పిందని పేరు పెట్టి పంపిస్తే, మా ఊరికి పోయే రాప్తాడు బస్సులో ఎవరి మొహం చూడాలి?

మేడం మా ఇద్దరినీ పిలిపించింది. గుత్తి నుంచి రోజూ వచ్చే మనిషి, మాట తక్కువ. రిజిస్టరు చూపించాను.

“అది ఆమె రాసుకునిందే కదా మేడం,” అన్నాడు సారు.

“మీ పుస్తకం కూడా ఒక మనిషి రాసుకునిందే కదా సార్,” అన్నాను.

మేడం ఇద్దరినీ చేత్తో ఆపింది. “మాటలొద్దు. ఇవి ఆ గింజలే అని చూపించేదానికి ఏమన్నా ఉండాదా నరసమ్మా?”

ఉంది. కొన్ని గింజలు మొలిచేటప్పుడు పైకి లేస్తాయి, చిక్కుడు మాదిరి. ఇవి అలా లేవలేదు. వేరూ మొలకా రెండూ గింజను చీల్చుకుని వస్తాయి, గింజ మాత్రం మట్టిలోనే మొక్కకు అంటుకుని నెలల తరబడి ఉంటుంది. మొక్కను పీకే పని కూడా లేదు, మొదలు దగ్గర మట్టి కాస్త తీస్తే కనబడుతుంది. ఆ మాట నాలుక దాకా వచ్చింది. అప్పటికప్పుడు పోయి నేను తవ్వి చూపిస్తే, ఇది నువ్వు పెట్టిందే అంటాడని ఆపుకున్నాను.

“ఉండాది మేడం. ఇప్పుడు పొద్దుపోయింది, రేప్పొద్దున మీ ముందర చూపిస్తా. అంతవరకు షేడ్ నెట్‌కు తాళమేసి, చెవి మీరు ఇంటికి తీసుకుపోండి. నీళ్ళు ఇప్పుడే పోసి వస్తా, మీరు కూడా రండి.”

“ఏందిది, దొంగతనం కేసా?” అని సారు నవ్వాడు.

“మీరు రాసింది అదే కదప్పా,” అన్నాను. ఆయనను సార్ అనకుండా పిలిచింది ఆ ఒక్కసారే.

మేడం వచ్చింది, నేను నీళ్ళు పోసేంతసేపు నిలబడింది, తాళం వేసి చెవి హ్యాండుబ్యాగులో వేసుకుంది.

ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది చెప్పమంటే రెండు ముక్కలు చెబుతాను. లేత మొక్కను మానుతో పోల్చి తీర్పు చెప్పకూడదు. రుజువు మన చేతిలో ఉన్నా, అనుమానించినవాడి చేతే తీయించాలి. ఆ మొక్కలు మా ఎండకు నిలుస్తాయని నేనెప్పుడూ అనలేదు. రెండు వేసవులకు రెండే మిగిలాయి. అది నామీద పడిన నింద కాదు కాబట్టి దాని గురించి రాయను.

మర్నాడు ఎనిమిదింటికి మేడం తాళం తీసింది. ఏ కవరు కావాలో ఎంచుకొమ్మని సారుకు చెప్పాను. మధ్యలోది చూపించాడు. నేను రెండు చేతులూ కొంగులో చుట్టుకుని దూరంగా నిలబడ్డాను. ఆయన పెన్ను వెనకతో మట్టి గీకాడు, కాలేదు. వేళ్ళతో తీశాడు. అంగుళం లోపల గింజ తగిలింది. నల్లబడి, రెండుగా చీలి, చిన్న కాడలతో మొక్కకు అతుక్కుని ఉంది. లాగి చూశాడు. ఊడలేదు.

మేడం ఆయన చంకలోని పుస్తకం అడిగి తీసుకుంది. గరిటె ఆకు బొమ్మ ఉన్న పేజీలో, కింద మూలన అదే చెట్టు మొలక బొమ్మ చిన్నది ఇంకొకటి ఉంది. అంచుల్లో కోతలున్న ఆకులు, నాలుగే. దాన్ని వేలితో చూపించి, “ఇది చూడలేదా మీరు?” అంది. పెద్ద బొమ్మే చూశానన్నాడు.

ఆయన నాకు క్షమాపణ చెప్పలేదు, నేను అడగలేదు. మట్టి మళ్ళీ కప్పబోతే, వదులుగా వేస్తే వేరు ఎండుతుంది, గట్టిగా అదమండి అని చెప్పాను. అదిమాడు. మేడం ఆఫీసులోకి పోయి ఆయన రాసిన కాగితం ఆయనకే తిరిగి ఇచ్చింది, నా సంతకం కాగితం బల్ల మీదికి తెప్పించి ఉగాది దాకా ఆగకుండా ఆ పొద్దే సంతకం పెట్టింది.