తడి చీర పడితే మూగబోయిన తీగ

నిక్కరు జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని పరుగెత్తే వయసు నాది... రామసముద్రం దగ్గర మా పల్లెలో మొదటి రేడియో మా ఇంటికే వచ్చింది. మా నాయన దాన్ని ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసేవాడు. వార్తల వేళకు బయటికి, అవి కాగానే మళ్లీ లోపలికి. విలువైన వస్తువు పెట్టెలోనే ఉండాలని ఆయన లెక్క.

మిద్దె మీద రెండు వెదురు గడలకు రాగితీగ ఏరియల్ కట్టాడు. అమ్మకు అది బట్టలారేసే దండెం... తడి చీర పడగానే రేడియో గొంతు పోయేది.

"ఏమే, దాని మింద సీర యాల ఏసినావు? వార్తలు యాడనుంచి వస్తాయి?" అనేవాడు నాయన.

"నీ వార్తలు రాకుంటే ఏం మునగదు. సీర ఆరకుంటే నేనేం కట్టుకోవాల?"

నాయన మిద్దెక్కి చీరను పక్కకు జరిపేవాడు. అన్నట్టు, ఆ రేడియోలో పాటలకంటే గరగర ఎక్కువ. దాన్ని కూడా చెవులప్పగించి విన్నాం లెండి...

ఇదంతా ఇప్పుడెందుకంటే... మదనపల్లెలో మా రాతిగోడల ఇంట్లో, వెనక గదిలో కూర్చుని మా అమ్మాయి లలిత కంప్యూటర్లో పిల్లలకు లెక్కలు చెబుతుంది. ఈమధ్య రోజూ పాఠం నడుమ నెట్ తెగిపోయేది. ఇంకొక్క పాఠం ఆగితే ఆ తరగతి వేరేవాళ్లకు ఇచ్చేస్తామన్నారట ఆమె ఆఫీసువాళ్లు.

"నాయనా, బెంగళూరునుంచి ఎవురినైనా పిలిపిస్తా" అంది.

"నేను ఉండాను గదమ్మా. రెండు దినాలు ఇయ్యి."

నేను చదివింది ఎనిమిదో తరగతి. మిగతాదంతా విప్పి, పాడుచేసి నేర్చుకున్నదే.

ముందుగా నెట్ పెట్టె ఎక్కడుందో చూశాను. దుమ్ము పడకూడదని, బల్లులు దూరకూడదని, నేనే దాన్ని మా నాయన ట్రంకు పెట్టెలో పెట్టి మూత వేశాను... ఇనుప పెట్టెలోంచి సిగ్నల్ ఎలా వస్తుంది?

"తాళం ఎయ్యలేదు, అంతవరకు మేలు" అంది మా ఆవిడ.

దాన్ని తీసి గోడకు ఎత్తుగా బిగించాను. ముందు గదుల్లో ఫోన్లన్నీ తీగ లేకుండానే నెట్ అందుకున్నాయి. వెనక గదికి మాత్రం రాతిగోడ ఒప్పుకోలేదు. సరే, పెరటి మీదుగా కేబుల్ లాగాను. దాంట్లో ఎనిమిది రంగుల సన్నతీగలు, వరస తప్పితే పని జరగదు. మొదటిసారి కళ్లద్దాలు మరిచి బిగించాను. రెండోసారి అద్దాలు ఉన్నాయి, ఓపిక లేదు. మూడోసారి నెట్ పెట్టె మీద పచ్చదీపం వెలిగింది... ఆ కొసకు ఇంకో చిన్న పెట్టె తగిలిస్తే, ఆ గదిలోనూ గాలిలోంచే నెట్ అందింది.

మంగళవారం పాఠం మొదలైంది. నేను గడపలో కూర్చుని వింటున్నాను. సగంలో పెరటివైపు చూస్తే... కేబుల్ మీద మా ఆవిడ తడి చీర!

దాన్ని తీసేద్దామని లేస్తూనే, చెవి మాత్రం గదివైపే పెట్టాను. లలిత గొంతు ఆగలేదు. గంట పాఠం గంటా నడిచింది. నాయన రాగితీగకు లేని ప్లాస్టిక్ తొడుగు ఈ కేబుల్‌కు ఉంది గదా!

"నాయనా, ఒక్కతూరి కూడా తెగలేదు" అంటూ బయటికొచ్చింది. తరగతి ఆమెకే ఉండిపోయింది.

"ఇన్నాళ్లకు మీ నాయన పనికొచ్చే దండెం కట్టినాడు" అంది మా ఆవిడ, చీర తిరగేస్తూ.

మా నాయన ఓడిన చోట నేను గెలిచాను... కానీ ఇంటిల్లిపాదీ ఒక్క పెట్టె చుట్టూ మూగి, గరగరలోంచి ఒక్కో మాట ఏరుకున్న ఆ సాయంత్రాలను ఏ తీగా తీసుకురావడం లేదు.

మీ ఇంట్లో ఏరియల్ మీద బట్టలారేసింది ఎవరో... చెప్పండి, వింటాను.