మొదటి శుక్రవారం బస్సు

కొత్త ఊరికి పోయినవాళ్లు ఊరు చూపించే బస్సు ఎక్కడం మంచిదా, దండగా అని ఈమధ్య మా కోరుట్లలో నన్ను అడిగినవాళ్లున్నారు. నన్నెందుకు అడుగుతారో నాకు తెలియదు. నేను ఎక్కినదల్లా జగిత్యాల బస్సు, వేములవాడ బస్సు. అయినా అడిగారు కాబట్టి చెప్తాను: మంచిదే. ఆ బస్సు అబద్ధమాడదు. మేడలు చూపిస్తుంది, అవి ఉన్నవే. సముద్రం చూపిస్తుంది, అదీ ఉన్నదే. రెండంతస్తుల బస్సట, పైన కప్పు ఉండదట, ఏ మేడ ఏమిటో చెవిలో చెప్పే యంత్రం కూడా ఇస్తారట. మన దిక్కు నుంచి దుబాయికి పనికి పోయినవాడు ఆ ఊరిని ఊరులాగా చూసేది ఆ ఒక్కసారే. కాబట్టి ఎక్కాల్సిందే. ఇంత చెప్పి నేను నోరు మూసుకుంటే అందరికీ బాగుంటుంది. కానీ పక్కింటి రాణి సంగతి చూశాక ఆ బస్సు పేరు ఎత్తితేనే నాకు ఒళ్లు మండుతుంది.

రాణిది గోదావరి ఒడ్డున వెల్గటూర్. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి లచ్చవ్వ కూలికి పోయి రాణిని, దాని తమ్ముడు మహిపాల్‌ను పెంచింది. రాణిని మేడిపల్లి ప్రకాశ్‌కు ఇచ్చారు. ప్రకాశ్ సుతారి పని చేసేవాడు. ఇటుక మీద ఇటుక పెట్టడం తెలుసు గానీ మాట మీద మాట పెట్టడం తెలియని మనిషి. పని కోసం ఇద్దరూ కోరుట్ల వచ్చి మా పక్క గదిలో దిగారు. అప్పటి నుంచి రాణి, నేను ఒకే అరుగు మీద కూర్చుని బీడీలు చేస్తున్నాం. ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం.

బీడీలు చేసేవాళ్లం మనుషుల ముఖం కంటే ముందు వేళ్లు చూస్తాం. వాడకు కొత్త కోడలు వస్తే పిల్ల ఎలా ఉందని మాలో ఎవరూ అడగరు, వేళ్లు ఎలా ఉన్నాయని అడుగుతారు. పెళ్లిచూపుల్లో నువ్వు మొగుడి వేళ్లు చూసే ఒప్పుకున్నావు కదే అని నేను రాణిని ఏడిపించేదాన్ని.

"నిజమే సుజాతక్కా," అని నవ్వేది. "తల ఎత్తితే గద మొకం కనవడేది. ఏళ్లే చూసిన. మంచిగనే ఉండె."

ప్రకాశ్ దుబాయి పోయిన మొదటి శుక్రవారమే ఫోటో వచ్చింది. నీలం గీతల అంగీ, పోయేముందు రాణి కోరుట్ల బజారులో కొనిచ్చింది. బస్సు పైఅంతస్తులో నిలబడి ఉన్నాడు, వెనుక తల ఎత్తినా కొస కనిపించని మేడ. రాణి ఆ ఫోన్‌ను మేం బీడీలు అప్పజెప్పే కార్ఖానా దగ్గర అందరికీ చూపించింది. తర్వాత అప్పుడొకటి ఇప్పుడొకటి వస్తూనే ఉన్నాయి. ఎర్ర అంగీ, వెనుక సముద్రం. తెల్ల అంగీ, నల్లద్దాలు, వెనుక పూలతోట. "నీ మొగడు మస్తు తిరుగుతుండు పో, మనకే గీ తంబాకు గాటు" అని ఆడవాళ్లు ఉడికించేవారు. దానికి లోపల ఎంత సంతోషమో.

రెండేళ్లకు సెలవు మీద వచ్చాడు. ఎడమచేతి చూపుడువేలు సగానికి లేదు. ఇనుప చువ్వలు కోసే మిషన్‌లో పోయిందట. ఫోన్లో ఆ మాటే చెప్పలేదు మహానుభావుడు. రాణి ఆ చెయ్యిని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. "ఒక్క ఏలే గద, తియ్యి," అన్నాడు. సెలవు అయిపోయింది, మళ్లీ పోయాడు. ఈసారి వేరే కంపెనీ. ఫోటోలు మాత్రం మునుపటిలాగే వచ్చాయి. ఫోన్లు తగ్గాయి. వీడియో పెట్టమంటే నెట్ లేదనేవాడు. నెట్ లేకపోతే ఫోటో ఎలా వచ్చిందే అని నేనంటే రాణి నా మీదికే లేచేది.

దాని తమ్ముడు మహిపాల్ సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసేవాడు. వాటిని అక్కడ సాంచాలంటారు. పొద్దంతా ఆ చప్పుడులో ఉండి ఉండి, మామూలు మాట కూడా అరిచినట్టు మాట్లాడేవాడు. అక్క ఇంటికి వస్తే చాలు, అన్నం ముందు పెట్టుకుని బావ ఫోటోలు చూసేవాడు. చూసి చూసి, "నేను సుత బావ కాడికి పోత" అన్నాడు. జగిత్యాలలో ఏజెంటును పట్టుకున్నాడు. డాక్టరు పరీక్షలన్నీ అయిపోయాయి, టికెట్ కూడా వచ్చింది.

లచ్చవ్వకు ఇష్టం లేదు. ఉన్న ఒక్క కొడుకు. వెల్గటూర్ నుంచి వచ్చి మా అరుగు మీద కూలబడింది. "వాన్ని ఆపు బిడ్డా. అల్లుని ఏలు పాయె. వీనికేమైతదో," అంది. రాణి ఫోన్ తెచ్చి ఒక్కొక్కటే చూపించింది. "చూడే అవ్వా. నీ అల్లుడు ఎట్లున్నడో చూడు. తమ్ముడు ఒక్కడు కాదు, బావ ఉండనే ఉన్నడు." ముసలిది ఫోన్‌ను కొంగుతో తుడిచి తుడిచి చూసింది. "మంచిగనే ఉన్నడు," అని లేచి బస్సెక్కింది. ఆ పూట రాణి నాకు చాయ్ పోసింది, అంత నిమ్మళంగా ఉంది దాని మనసు.

ఆ వారంలోనే ఇంకో ఫోటో వచ్చింది. పచ్చ అంగీ. బస్సు పైఅంతస్తు. ముందున్న ఇనుప కమ్మీని రెండు చేతులతో పట్టుకుని నవ్వుతున్నాడు. "ఈ శుక్రారం పోయినం" అని కింద రాసి పెట్టాడు. రాణి చూసింది, ఫోన్ పక్కన పెట్టింది, బీడీకి దారం చుట్టింది. మళ్లీ తీసింది. ఫోటోను పెద్దది చేసింది. దాని చాట ఒడిలో నుంచి జారి తంబాకంతా అరుగు మీద పడింది. ఇన్నేళ్లలో రాణి చాట జారడం నేను చూడలేదు.

"అక్కా, ఏళ్లు చూడు," అంది.

చూశాను. కమ్మీ మీద రెండు చేతులు. అన్ని వేళ్లూ నిండుగా ఉన్నాయి.

రాణి పాత ఫోటోలన్నీ వెనక్కి తిప్పింది. సెలవు నుంచి పోయిన తర్వాత వచ్చిన ప్రతి ఫోటోలో చేతులు జేబుల్లో ఉన్నాయి, లేదా వీపు వెనుక ఉన్నాయి, లేదా ఫోటో ఛాతీ దాకే ఉంది. చేతులు కనిపించనివన్నీ ఏరి ఏరి పంపాడు. ఏరడానికి ఇక మిగలనట్టుంది. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

దుబాయిలో ప్రకాశ్ గదిలోనే ఉండి వచ్చిన సంజీవ్, మా అరుగు దాకా వచ్చి పోయిన మనిషే, కోనరావుపేటలో ఉన్నాడు. ఆటో తోలుకుంటున్నాడు. మర్నాడు పొద్దున్నే ఇద్దరం బయలుదేరి పోయాం. దీన్ని ఒక్కదాన్ని ఎలా పంపను? సంజీవ్ మమ్మల్ని చూసి ముందు తప్పించుకోబోయాడు. రాణి ఫోన్ చూపించి, "ఇది ఎప్పటిదన్నా?" అని అడిగింది.

"మొదటి శుక్రారందే," అన్నాడు తల దించుకుని. "అన్నీ గా ఒక్కనాటియే చెల్లె."

"అంగీలో?"

"రూముల అందరియి. కొత్తగ అచ్చినోన్ని డ్యూటీ ఎక్కకముందే బస్సు ఎక్కిస్తం. తలా ఒక అంగీ ఇస్తం. సంచీల పెట్టుకపోయి, ఆగినకాడల్లా మార్చుకుంట ఫోటోలు దిగుతడు. ఇగ గవ్వే ఇంటికి పంపుకోవాలె. డ్యూటీ ఎక్కినంక ఊరెక్కడిది? క్యాంపు నుంచి సైటుకు, సైటు నుంచి క్యాంపుకు. కంపెనీ బస్సుల కూసుంటే నిద్రే. నేను సుత గట్లనే పంపిన. మా రూముల అందరం గట్లనే."

నాకు తిక్క లేచింది. "మీకు సిగ్గుందా? ఆడోళ్లను పిచ్చోళ్లను చేస్తరా?" అని అరిచాను.

"ఏం పంపాలె సుజాతక్కా?" అన్నాడు. గొంతు పెంచలేదు. "ఒకని మీద ఒకడు పండుకునే మంచాలు పంపాల్నా? ఎండకు పడిపోయినోన్ని పంపాల్నా? అవ్వ ఫోన్ చేసి ఊరు చూసినవా కొడుకా అంటది. చూసిన అనాలె గద."

ప్రకాశ్ ఇప్పుడెక్కడున్నాడని రాణి అడిగింది. ప్రకాశ్ ఫోన్లో తనతో అన్నదంతా సంజీవ్ మెల్లగా చెప్పాడు. కొత్త కంపెనీ జీతాలివ్వకపోతే ప్రకాశ్ బయటికి వచ్చేశాడు. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉండిపోయింది. దొరికితే జైలు. ఎక్కడో కడుతున్న ఇంట్లో పడుకుంటున్నాడు, దొరికిన పని చేస్తున్నాడు. వీడియో పెడితే ఆ గోడలు కనిపిస్తాయని పెట్టడు.

రాణి ఏడుస్తుందనుకున్నాను. "తమ్ముడు పోవద్దు," అంది అంతే. సంజీవే మమ్మల్ని ఆటోలో సిరిసిల్ల తీసుకుపోయాడు.

మహిపాల్ గదిలో సంచి సర్దుకుంటున్నాడు. మంచం మీద కవర్ కూడా విప్పని కొత్త అంగీలు. రాణి వాటిని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "గిన్నెందుకు?" అంది.

"బావనే తెమ్మన్నడు. పోంగనే అవసరముంటయన్నడు."

రాణి జరిగిందంతా చెప్పింది. వాడు నమ్మలేదు. సంజీవన్నకు అక్కడ చాతగాక వాపస్ వచ్చి ఊరోళ్లను బెదిరిస్తున్నాడన్నాడు. "నన్ను చచ్చేదాక గీ సాంచాల చప్పుడులనే ఉండుమంటవా?" అని అక్క మీద లేచాడు. రాణి వాడి ఫోన్ లాక్కుని ప్రకాశ్‌కు కలిపింది. బామ్మర్ది ఫోను కదా, వెంటనే ఎత్తాడు. రాణి స్పీకర్ పెట్టింది.

"నిన్నటి ఫోటోల అన్ని ఏళ్లున్నయ్. ఏలు ఎప్పుడు మొలిచింది?"

రాణి ఫోన్‌ను తమ్ముడి దిక్కు జరిపింది.

"సంజీవన్న అంతా చెప్పిండు. నిన్నేమనను. తమ్ముడు గిక్కడనే ఉన్నడు, ఇంటుండు. రావద్దని ఒక్క మాట చెప్పు. నువ్వు చెప్తే ఆగుతడు."

కట్ చేశాడనే అనుకున్నాను.

"రానియ్ రాణీ," అన్నాడు ప్రకాశ్. "ఒక్కన్నే ఉంటున్న. మాట్లాడెతందుకు మనిషి లేడు. రానియ్."

ఆ మనిషి ఇన్నేళ్లలో నోరు తెరిచి తన కోసం ఏదైనా అడగడం అదే మొదలు. అడగక అడగక అది అడిగాడు. మహిపాల్ మంచం మీద కూర్చున్నాడు. కాసేపటికి లేచి అంగీలు సంచిలో పెట్టుకున్నాడు. "బావ కోసమన్న పోవాలె అక్కా," అన్నాడు. ఇప్పుడు వాడి గొంతు మామూలుగానే ఉంది. రాణి ఏమంటుంది? అక్కడున్నది దాని మొగుడు.

వాడు పోయేరోజు లచ్చవ్వ వచ్చింది. ఏడవలేదు. అల్లుడి ఫోటోలు చూసింది కదా, ఆ ధైర్యం. "బావ తీర్గ నువ్వు సుత ఫోటోలు పంపాలె కొడుకా," అని గడ్డం పట్టుకుని చెప్పింది. అసలు సంగతి చెప్పెయ్యమని నేను రాణిని మోచేత్తో పొడిచాను. అది కదలలేదు. చెప్తే ముసలిది ఆ నిమిషమే కూలిపోతుంది, వాడు ఎలాగూ ఆగడు.

శుక్రవారం వచ్చింది. అరుగు మీద కూర్చుని ఉన్నాం. రాణి ఫోన్ మోగింది, ఫోటో. మహిపాల్, బస్సు పైఅంతస్తు, వెనుక అదే మేడ. ఒంటి మీద నీలం గీతల అంగీ. కాలరు వెలిసిపోయింది. రాణి ఆ అంగీని వేలితో తడిమింది. వెంటనే ఫోన్ చేసింది.

"అంగీ బావది గద."

"పొద్దుగాల రూముకచ్చి ఇచ్చిపోయిండక్కా. ఎక్కువసేపు ఉండలే."

"ఎట్లున్నడు?"

వెనుక గాలి చప్పుడు, ఎవరో మైకులో ఇంగ్లీషులో ఏదో చెప్తున్నారు. "ఊరు మస్తున్నదక్కా," అన్నాడు. "రేపటి సంది డ్యూటీ."

"వీడియో పెట్టు. చేతులు చూపెట్టు."

పెట్టాడు. పక్కనున్న ఎవరికో ఫోన్ ఇచ్చి, రెండు అరచేతులు ముందుకు చాపాడు. వెనుక మేడలు ఒకదాని వెంట ఒకటి పోతున్నాయి. రాణి వాటిని చూడలేదు. తమ్ముడి వేళ్లను ఒక్కొక్కటిగా చూసింది, నేనూ చూశాను. సన్నటి వేళ్లు, పొడుగువి. వాడు ఆడపిల్లయి పుట్టి ఉంటే మంచి బీడీలు చేసేవాడు.

"ఇంక ఫోటోలు దిగుతవా?" అని అడిగింది.

"దిగాలె. సంచీల అంగీలున్నయ్."

రాణి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"చేతులు జేబుల పెట్టుకొని దిగు తమ్మీ," అంది. "అవ్వకు పంపాలె గద."