రాయి మీద వేసిన నింద

ఆ రోజు అమ్మవారి విగ్రహానికి ముక్కు తీరుస్తున్నాను. చిన్న సుత్తే, అయినా ఎత్తలేకపోయాను. మొహం ఉబ్బి, కాళ్లకు నీరు పట్టింది. నంద్యాలలో పరీక్షలు చేస్తే రక్తంలో క్రియాటినిన్ బాగా పెరిగిందని, కిడ్నీలు పాడయ్యాయని తేలింది. వారానికి మూడు రోజులు డయాలసిస్ అన్నారు. ఆళ్లగడ్డ నుంచి బస్సులో పోయి రావడం అలవాటైంది.

కొన్ని నెలలకు దురద మొదలైంది. గోకి గోకి రక్తం వచ్చేది. ఎముకల్లో నొప్పి, నిద్ర లేక చేతుల్లో వణుకు. మా శిల్పులకు ఒంట్లో ఏదొచ్చినా రాతి దుమ్ము మీదికి నెట్టడం అలవాటు. నేనూ అంతే. డాక్టరుకు చెప్పకుండా పని మానేశాను. విగ్రహం మా తమ్ముడు పూర్తి చేశాడు, కళ్లు తప్ప. మొదలుపెట్టిన చేతే చివర్న కళ్లు చెక్కాలని మా ఇంటి ఆచారం.

"కండ్లు నువ్వే పెట్టాలన్నా. ఎన్నాళ్లైనా కాసుకుంటా" అన్నాడు వాడు. నాకు ఏడుపొచ్చింది. మళ్లీ ఉలి పడతానన్న నమ్మకం లేదు.

పని మానినా దురద తగ్గలేదు. మా ఆవిడకే అనుమానం వచ్చింది. "ముప్పై ఏండ్లు రాయితో కాపురం చేసినావ్. ఇప్పుడు పడకుండా పోయిందా? డాక్టరును అడుగుదాం పా" అని నంద్యాలకు నాతో వచ్చింది.

డాక్టరుగారు రక్తపరీక్ష కాగితం చూశారు. "ఫాస్ఫరస్ ఎక్కువుంది. దాంతో పీటీహెచ్ అనే హార్మోన్ పెరిగి, ఎముకల్లోంచి కాల్షియం లాగుతాంది. దురదా దీనివల్లే కావచ్చు. ఫాస్ఫరస్ తగ్గేదానికి రాసిచ్చిన మాత్ర ఎప్పుడు వేసుకుంటాండావప్పా?"

"పొద్దున్నే పరగడుపున సార్. స్నానం చేసి, దేవునికి మొక్కి, ఒక్కరోజు తప్పకుండా" అన్నాను గొప్పగా.

ఆయన నవ్వారు. "అది అన్నంలోని ఫాస్ఫరస్‌ను పట్టుకునే మాత్ర. కడుపులో అన్నమే లేకుంటే దేన్ని పట్టుకుంటాది? ముద్దతో పాటు వేసుకో."

మా ఆవిడ ఆళ్లగడ్డలో బస్సు దిగేదాకా నవ్వుతూనే ఉంది.

భోజనంతో మాత్ర, పీటీహెచ్‌కు ఇంకో మందు, ఫాస్ఫరస్ ఎక్కువుండే పాలు పెరుగు తగ్గింపు. మధ్యలో ఒక పెళ్లిలో నోరు కట్టుకోలేక ఫాస్ఫరస్ పెంచుకుని చీవాట్లు తిన్నాను. అయినా నెలనెలా అంకెలు దిగాయి. దురద పోయింది, నిద్ర వచ్చింది.

ఒక పొద్దున ఉలి తీసుకుని అమ్మవారి ముందు కూర్చున్నాను. తమ్ముడు పక్కన నిలబడ్డాడు. రెండు కళ్లూ చెక్కాను. చేయి వణకలేదు. అంత సంతోషం నా పెళ్లినాడు కూడా పడలేదు. ఈ మాట మా ఆవిడకు చెప్పకండి.

ఇప్పుడు మూడు రోజులు డయాలసిస్, మిగతా రోజులు మూతికి గుడ్డ కట్టుకుని పని. డయాలసిస్‌లో ఉన్నవారికి నేను చెప్పేది ఒక్కటే. ఏ మాత్ర ఇచ్చినా, అన్నానికి ముందా, అన్నంతోనా, తర్వాతా అని అడగండి. నాకైతే ఆ బాధ లేదు. కంచంలో చేయి పెట్టకముందే మా ఆవిడ అడుగుతుంది, "మాత్ర యాడ?"