లేపకూడని నిద్ర

అమలాపురంలో మేముండే అపార్టుమెంటు కింది హాల్లో పొద్దున్నే యోగా క్లాసు జరుగుతుంది. తలుపు తీయగానే రబ్బరు చాపల వాసన, దాని మీద ఎవరో చల్లిన గంధం సెంటు వాసన కలిసి వస్తాయి. ఫోన్లు ఆపండి, ఆలస్యంగా రాకండి, పక్కవారిని ఇబ్బంది పెట్టకండి అని గోడకి ఒక కాగితం అంటించారు. అది చూస్తే నాకు నవ్వు రావాలి, రాదు. ఈ మర్యాదలన్నీ ఎనిమిదేళ్ళ పిల్లనప్పుడే అంబాజీపేట పక్కన మా ఊళ్ళో, ఎండుకొబ్బరి వాసనలో కూర్చుని నేర్చుకున్నదాన్ని.

రిటైరైన డ్రిల్లు మాస్టారొకరు కొబ్బరి కొట్టు అరుగు మీద తెల్లవారుజామున ఆసనాలు నేర్పేవారు. స్వరాజ్యం వచ్చిన కొత్త, ఒళ్ళు వంచడం కూడా దేశసేవే అని ఆయన నమ్మకం. మా నాన్నగారు మాత్రం దేశం కోసం వెళ్ళలేదు. ఆ ఏడాది ఆయనకి నిద్ర పట్టకుండా పోయింది. పగలంతా తోటలో కాయ దింపించి, బండ్లకెత్తించి ఎంత అలిసినా, పక్క మీద వాలగానే కళ్ళు తెరుచుకునేవి. ఊళ్ళో వైద్యం చేసే ఆచారిగారి లేహ్యాలు, అమ్మ అరికాళ్ళకి రాసిన ఆముదం, మురమళ్ళ స్వామికి మొక్కు, ఏదీ పనిచేయలేదు. మనిషి సగమయ్యారు, చీటికీ మాటికీ కేకలేసేవారు. చివరికి ఒక తుంగచాప చంకన పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆ అరుగెక్కారు.

నూతి దగ్గర కాళ్ళు కడుక్కుని రావాలి, ఇంకొకరి చాప దాటకుండా చుట్టూ తిరిగి తన చోటికి చేరాలి, ఒంటికాలి మీద నిలబడ్డవాడు తూలితే చూడనట్టు ఊరుకోవాలి, కడుపు ఖాళీగా ఉండాలి. అట్లతద్ది నాడు నేను చీకటితోనే గోంగూరా పెరుగన్నమూ పట్టించి, ఉయ్యాలూగి, అలాగే వెళ్ళి ముందుకి వంగేసరికి పెద్ద త్రేన్పు వచ్చింది. "ఏమ్మా, తినేసి వచ్చేవా?" అన్నారు మాస్టారు. "ఆయ్, తద్దండీ," అన్నాను. మా వాళ్ళ మర్యాద ఎంతటిదంటే, అంతమందిలో ఒక్కరూ నవ్వలేదు, కళ్ళలో నీళ్ళు తిరిగేలా బిగబట్టుకున్నారు.

అన్నిటికన్నా పెద్ద నియమం చివరనుండే శవాసనానిది. అందులో ఎవరైనా నిద్రపోతే లేపకూడదు. మిగతావాళ్ళు చాపలు చప్పుడు కాకుండా చుట్టుకుని మునివేళ్ళ మీద దిగిపోవాలి.

కార్తీకంలో ఒక పొద్దున్న నాన్నగారు శవాసనంలో గురక పెట్టారు. ఆ గురకకి అరుగంతా పండగ చేసుకుంది. కొట్టాయన కాయలు వలిచేవాళ్ళని కాసేపు ఆగమన్నారు. ఇంటికొచ్చి చెబితే అమ్మ కళ్ళు తుడుచుకుంది. అప్పట్నించి ఎండ మొహాన పడేదాకా రోజూ అక్కడే నిద్ర. లేచి ఇంటికొచ్చి, "ఏమోయ్, కాఫీ," అని హుషారుగా పిలిచేవారు. మధ్యాహ్నాలు నాతో గవ్వలాడేవారు, ఓడితే తొండి కూడా చేసేవారు.

ధనుర్మాసంలో ఒకనాడు కొబ్బరాకుల మీంచి మంచు బొట్లు బొట్లుగా రాలుతోంది. రామాలయం వైపు నుంచి పొంగలి వాసన వస్తోంది. శవాసనం అయిపోయినా నాన్నగారు లేవలేదు.

"ఇవాళ బాగా పట్టేసిందండీ, గురక కూడా లేదు," అన్నారు కొట్టాయన గుసగుసగా.

"ఆయ్, మొత్తానికి సాధించేరండీ," అన్నారు మాస్టారు. తన కండువా తీసి నాన్నగారి మీద కప్పారు.

అందరూ మునివేళ్ళ మీద దిగారు. నేనూ దిగి ఇంటికొచ్చాను. "గురక కూడా లేదమ్మా," అంటే అమ్మ మురిసిపోయి, కాఫీ చల్లారకుండా కుంపటి మీద పెట్టి ఉంచింది. అరుగు మీదికి ఎండెక్కింది. కొబ్బరికి వచ్చిన లారీ డ్రైవరు హారన్ కొట్టబోతే, కొట్లోవాళ్ళు వద్దు వద్దని చేతులూపారట. మా నియమం తెలియని ఆ పొరుగూరి మనిషే, ఎండలో పడుకున్నారేమిటని దగ్గరికెళ్ళి భుజం తట్టాడు.

తరువాతివన్నీ ఎవరింట్లోనో జరిగినట్టుంటాయి. అందరూ ఏడుస్తుంటే నేను చూస్తూ కూర్చున్నాను. నాకేమీ అనిపించలేదు. మరిగి మరిగి అడుగంటిన కాఫీ వాసన ఒక్కటే గుర్తుంది. వెంటనే లేపినా లాభం ఉండేది కాదని ఆచారిగారు అన్నారు. ఉండేదో లేదో ఎవరికి తెలుసు? మాస్టారు మళ్ళీ ఎక్కడా చాప పరవలేదు. నాలో ఆ రోజు మొద్దుబారినది ఇన్నేళ్ళయినా అలాగే ఉంది.

ఇప్పుడా అరుగు లేదు, నుయ్యి పూడ్చేశారు, కొట్టు ఉన్నచోట సెల్ ఫోన్లు అమ్ముతున్నారు. తుంగచాప చంకన పెట్టుకున్న మనిషి కనబడడు.

మొన్న క్లాసు అయిపోయాక, మూడో వరసలో చంటిపిల్ల తల్లి ఒకమ్మాయి లేవలేదు. టీచరు పెదవుల మీద వేలు పెట్టి మమ్మల్ని బయటికి సైగ చేసింది. అందరూ చెప్పులు చేత పట్టుకుని వెళుతున్నారు. నేను రెండు చాపలు దాటుకుంటూ వెళ్ళి, ఆ అమ్మాయి భుజం పట్టుకుని గట్టిగా కుదిపాను. భుజం వెచ్చగా ఉంది. ఉలిక్కిపడి లేచింది.

"ఏంటి మామ్మగారూ! ఎన్నాళ్ళకి పట్టిన నిద్రండీ, పాడుచేసేరు," అంది ఏడుపు మొహంతో.

"తిట్టమ్మా," అన్నాను, ఆ పిల్ల పక్కనే చతికిలబడి. "ఇంకాస్త తిట్టు."