జర బండి మలుపు

మా చిన్నప్పుడు ఒక ఎండాకాలం మా ఇంటి గడప నాలుగు చక్రాల మీద తిరిగింది...

నమ్మనివాళ్ళు నమ్మనక్కర్లేదు. నానక్‌రామ్‌గూడలో మా పాత ఇల్లు రోడ్డు విస్తరణలో కూలగొట్టిన సంవత్సరం అది. నార్సింగిలో కొత్త ఫ్లాటు చేతికి రావడానికి ఇంకా కొన్నాళ్ళు పడుతుంది. బడికి సెలవులు. ఐటీ ఉద్యోగులను ఆఫీసులకు చేరవేసే తన వ్యానులో నాన్న వెనుక సీట్లన్నీ విప్పేసి, చెక్క బల్లలు బిగించి, చిన్న గ్యాస్ పొయ్యి, నీళ్ళ డ్రమ్ము, బొంతలు సర్దాడు. ఈలోగా కొండలూ సముద్రమూ చూసి రావాలన్నది ఆయన ప్రతిపాదన.

ప్రతిపాదన ఉన్నచోట ప్రతిపక్షం ఉంటుంది. మా ఇంట్లో అది నానమ్మ.

కొత్త ఫ్లాటు వాకిలి పడమర వైపు. తూర్పు వాకిళ్ళవి మేం వెళ్ళేసరికే అయిపోయాయి. "పడమటి గడప నేను తొక్క. మీరు పోండ్రి. నేను శంకర్‌పల్లిల నా బిడ్డ దగ్గర ఉంట," అని నానమ్మ తేల్చేసింది. ఊహ తెలిసినప్పటి నుంచీ నేను ఆమె పక్కలోనే పడుకున్నాను. పెద్దలకు అది వాస్తు సమస్య కావచ్చు... నాకు మాత్రం కొత్త ఇంట్లో ఎవరి కొంగు పట్టుకుని నిద్రపోవాలన్న సమస్య.

యాత్రకు మాత్రం నానమ్మ కాదనలేదు. బయలుదేరే ముందు ఆమె వ్యాను మెట్టుకు పసుపు రాసి, లోపలి పొయ్యి మీద పాలు పొంగించింది.

"ఇందులనే వండుడు, ఇందులనే పండుడు. ఇగ ఇది ఇల్లే."

"ఇల్లయితే ఒక దిక్కుండాలె గద నానమ్మా, ఇది తిరుగుతనే ఉంటది?" అని నేను తగులుకున్నాను.

"తిరిగినంతసేపు బండి. ఆగితే ఇల్లు."

ఆ తర్వాత ఎన్నో చర్చా వేదికలెక్కాను. అంత పొట్టిగా, అంత పక్కాగా నిర్వచనం చెప్పిన ప్రత్యర్థి నాకింకా తగల్లేదు.

ఆ నిర్వచనం ప్రకారం, ఆగిన ప్రతి సాయంత్రం వాకిలి తూర్పుకే ఉండాలి. వ్యాను తలుపు ఎడమవైపు కాబట్టి మూతి దక్షిణానికి పెట్టాలి. నాన్న ఢాబాల ముందు బండిని ముందుకీ వెనక్కీ జరుపుతుంటే లారీ డ్రైవర్లు చాయ్ గ్లాసులు పట్టుకుని చూసేవారు.

"దక్షిణమంటే యముని దిక్కు గదత్తమ్మా. బండి మూతి అటు పెడితే దోషం గాదా?" అంది అమ్మ ఒకరోజు.

"బండి మూతికేం గాదు. నీ మూతి జర సదురుకో."

హుబ్బళ్ళి దాటి పడమటి కనుమల్లోకి దిగాం. ఘాట్ రోడ్డు పక్కన బండి ఆపడానికి ఒక్కటే జాగా దొరికింది. పడమరన పచ్చటి లోయ... తూర్పున నిలువెత్తు కొండరాయి. నానమ్మ తూర్పే అంది. తలుపు తీస్తే రాయికీ మాకూ మధ్య మనిషి పక్కకు తిరిగితే పట్టేంత సందు. అందులోంచే దిగింది.

"ఇరుకైనా తూర్పే," అంది, కొంగుకంటిన మట్టి దులుపుకుంటూ.

 ఆ దారంతా నాన్న ఒక్కసారి కూడా వాదించలేదు.

మర్నాడు అంకోలా దాటాక, పొద్దు వాలే వేళకు ఒక పల్లె పక్కన ఇసుక అంచున ఆగాం. నాన్న అలవాటు ప్రకారం వాకిలి తూర్పుకే పెట్టాడు. తలుపు తీస్తే ఎదురుగా ఎవరిదో కోళ్ళ గూడు, పాత వలల కుప్ప, ఎండు చేపల వాసన... వీపు వెనుక సముద్రం. అటువైపు ఉన్నది ఒక చిన్న జరుపుడు కిటికీ మాత్రమే.

నానమ్మ అప్పటిదాకా సముద్రం చూడలేదు. మోకాళ్ళ నొప్పులతో ఇసుకలో నడవలేదు. మేం నీళ్ళలో ఆడి వచ్చేసరికి ఆ కిటికీకి చెంప ఆనించి కూర్చుంది.

"ఎట్లుంది నానమ్మా?"

"ఏం కనవడ్తది, నీ తలకాయంత సందులకెల్లి."

కాసేపు కోళ్ళ గూడును చూసింది. కాసేపు కిటికీని చూసింది.

"కొడుకా... పొద్దు గుంకుతున్నది. జర బండి మలుపు."

నాన్న ఎటని అడగలేదు. మూతి ఉత్తరానికి తిప్పాడు. వాకిలి నిండా సముద్రం వచ్చి నిలబడింది...

పసుపు రాసిన మెట్టు మీద కూర్చుని, పాదాలు ఇసుకలో పెట్టి, సూర్యుడు పూర్తిగా మునిగేదాకా నానమ్మ అటే చూసింది. తర్వాత మెల్లగా అడిగింది. "ఆ ఫ్లాటుల గిట్ల కనవడ్తదా?"

"సముద్రం కనవడది. పొద్దు గుంకుడు కనవడ్తది," అన్నాడు నాన్న.

"సరే తీ. వాకిట్ల నాకొక కుర్సీ ఏపియ్యి."

నార్సింగిలో పాలు పొంగించింది ఆమే. ఆ రాత్రి నేను ఆమె కొంగు పట్టుకునే నిద్రపోయాను.

బందరు సముద్రం దగ్గర కదా, అంత దూరం పడమటి తీరానికెందుకు తీసుకెళ్ళావని నాన్నను ఇప్పటికీ నిలదీస్తాను. "రోడ్డు మంచిగుండె," అంటాడు. అంతకు మించి పెదవి విప్పడు.

వాస్తు మూఢనమ్మకమని కాలేజీ వేదిక మీద వాదించి గెలిచాను. రేపు పిలిచినా అదే వాదిస్తాను. కానీ నా వాదనల్లో ఏదీ నానమ్మను ఆ గడప దాటించలేదు. నోరు విప్పని మనిషి నడిపిన వ్యాను దాటించింది.

ఆ వ్యాను ఇప్పుడు లేదు. కోకాపేట వైపు అద్దాల టవర్లు లేచాయి... మా వాకిట్లో పొద్దు గుంకక ముందే నీడ పడుతోంది. నానమ్మ కుర్చీ మాత్రం అక్కడే ఉంది. మొన్న అందులో కూర్చుని, ఆ అద్దాల వైపు చూస్తూ, "జర ఇల్లు మలుపరాదే బిడ్డా," అంది.

ఇల్లు మలపడం నా వల్ల కాదు... అందుకే వేరేవాళ్ళ వాకిళ్ళు ఆమె కోసం పోగుచేస్తున్నాను.

మీ చిన్నప్పటి వాకిలి ఏ దిక్కు చూసేది? అందులోంచి ఏం కనిపించేది? ఈ కథ కింద రాయండి... సాయంత్రం కుర్చీ పక్కన కూర్చుని, ఒక్కొక్కటీ నానమ్మకు చదివి వినిపిస్తాను.